ఆపరేషన్ నోట్లకు టెంప్లేట్ వాడడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జనరల్ సర్జరీ, గైనిక్, ఆర్థో, యూరాలజీ విభాగాల్లో ఆపరేషన్ నోట్లను (లోపల ఏం కనబడింది, ఏం చేశారు అని ఆపరేషన్ అయ్యాక రాసే రికార్డు) టెంప్లేట్‌తో, అంటే గడులున్న ఫారంతో, ఒక పద్ధతిలోకి తేవాలనుకునే పీజీలు, సర్జన్లు, ఓటీ (ఆపరేషన్ థియేటర్) సిస్టర్ల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలివి. జవాబులు ప్రభుత్వ బోధనాసుపత్రిని దృష్టిలో పెట్టుకుని రాసినవే అయినా, చాలావరకు చిన్న నర్సింగ్ హోమ్‌కీ పనికొస్తాయి.

ఓటీ రిజిస్టర్‌లో అన్నీ రాస్తున్నాం కదా, అది చాలదా?

చాలదు. ఓటీ రిజిస్టర్ ఆసుపత్రి లెక్క. ఏ రోజు, ఎవరికి, ఏ ఆపరేషన్, ఎవరు చేశారు, అంతవరకే. పైగా అది థియేటర్ గుమ్మం దాటదు. ఆపరేషన్ నోట్ రోగితో పాటు రికవరీకి, వార్డుకి వెళ్లాలి. డిశ్చార్జ్ సమ్మరీ రాసేవాళ్లకు అదే ఆధారం. అనెస్థీషియా చార్ట్ ఇంకో కాగితం. అందులో బీపీ, మందులు, ఫ్లూయిడ్స్ ఉంటాయి తప్ప లోపల ఏం కనబడిందో ఉండదు.

అసలు దాన్ని ఎవరు చదువుతారు?

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది మనసులో "ఎవరూ చదవరు" అనే జవాబు ముందే ఉంటుంది. చదివేవాళ్లు ఉన్నారు, కాకపోతే రాసినవాడికి కనబడరు.

మొదట చదివేది ఆ రాత్రి డ్యూటీ సిస్టర్, హౌస్ సర్జన్. రెండు గంటలకు డ్రెయిన్‌లో (లోపలి ద్రవం బయటికి రావడానికి పెట్టిన గొట్టంలో) ఎర్రగా వస్తోంది. అది కడిగిన సెలైన్‌తో కలిసిన పాత రక్తమా, కొత్తగా కారుతున్నదా అని తేల్చడానికి, లోపల ఏం చేశారో వాళ్ల చేతిలో ఉండే ఆధారం ఆ నోట్ ఒక్కటే.

తర్వాత చదివేవాళ్లు ఏళ్లు గడిచాక వస్తారు. మన దగ్గర దీనికి సిజేరియన్‌ను మించిన ఉదాహరణ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. మొదటి కాన్పు పుట్టింట్లో, రెండోది భర్త ఉద్యోగం చేసే ఊళ్లో జరగడం మనకు మామూలే. కాబట్టి రెండోసారి చూసే డాక్టర్ వేరు, ఆసుపత్రి వేరు, ఒక్కోసారి రాష్ట్రమే వేరు. ఆ డాక్టర్‌కు తెలియాల్సింది ఒక్కటే: గర్భసంచి మీద కోత కింది భాగంలో అడ్డంగా పెట్టారా, పైభాగంలో నిలువుగా పెట్టారా? నిలువు కోత అయితే నొప్పుల్లో గర్భసంచి చిట్లే ప్రమాదం చాలా ఎక్కువ, నార్మల్‌కి ప్రయత్నించకూడదు. చర్మం మీద మచ్చ చూసి ఇది చెప్పలేం. పైన అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపలా అడ్డంగానే ఉందని లేదు. తల్లి తెచ్చిన కాగితంలో "ప్రీవియస్ ఎల్‌ఎస్‌సీఎస్" అని, అంటే ఇంతకుముందు సిజేరియన్ అయిందని, మాత్రమే ఉంటే ఆ డాక్టర్ ఊహ మీద నడవాల్సిందే.

హిస్టరెక్టమీలదీ (గర్భసంచి తీసే ఆపరేషన్లు) ఇదే కథ. దేశంలో ఈ ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ల శాతం ఎక్కువగా ఉన్నది మన రెండు రాష్ట్రాల్లోనే. "గర్భసంచి తీసేశారమ్మా" అని చెబుతారు. అండాశయాలు ఉంచారా, తీశారా అంటే తెలియదు. నలభై దాటకుండానే అవి తీసేసి ఉంటే ఎముకల గురించి ఆలోచించాలి. ఉంచి ఉంటే, తర్వాత స్కాన్‌లో కనబడిన గడ్డను ఇంకోలా చూడాలి. నోట్‌లో ఒక్క వాక్యం చాలు దీనికి.

ఇప్పుడు రాస్తున్న తీరులో లోపమేంటి?

ఏ కేస్ షీట్ తెరిచినా ఇవే మాటలు: "అండర్ ఎస్ఏ, ఇన్ సుపైన్ పొజిషన్, పార్ట్స్ పెయింటెడ్ అండ్ డ్రేప్డ్… హీమోస్టాసిస్ అచీవ్డ్, వూండ్ క్లోజ్డ్ ఇన్ లేయర్స్, పేషెంట్ షిఫ్టెడ్ ఇన్ స్టేబుల్ కండిషన్." వెన్నులో మత్తిచ్చారు, రక్తం ఆగింది, పొరలుగా కుట్టారు, రోగి నిలకడగా ఉన్నాడు అని దీని సారాంశం. ఇందులో అబద్ధం లేదు. అలాగని ఆ రోగి గురించి తెలిసేదీ ఏమీ లేదు. పేరు మార్చి పక్క బెడ్ కేస్ షీట్‌లో పెడితే అక్కడా సరిపోతుంది. పీజీ తన సీనియర్ నోట్ చూసి నేర్చుకుంటాడు, ఆ సీనియర్ తన సీనియర్‌ని చూసి నేర్చుకున్నాడు. ఏది రాయాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. కెనడాలోని అల్బర్టాలో రెక్టల్ క్యాన్సర్ ఆపరేషన్ల డిక్టేషన్ నోట్లు పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఉండాల్సిన వివరాల్లో సగం కూడా కనబడలేదు. అక్కడ టైపిస్టులున్నారు, టైముంది. అయినా జ్ఞాపకం మీద ఆధారపడి కథలా చెప్పుకుంటూ పోతే వివరాలు జారిపోతాయి. ఖాళీ గడి ఎదురుగా కనబడితేనే అడగాల్సింది గుర్తొస్తుంది. అమెరికాలో క్యాన్సర్ చికిత్సా కేంద్రాలకు గుర్తింపు ఇచ్చే కమిషన్ కూడా 2020 ప్రమాణాల్లో రొమ్ము, మెలనోమా, పెద్దపేగు ఆపరేషన్లకు ఇలాంటి గడుల నోటునే తప్పనిసరి చేసింది.

టెంప్లేట్‌లో ఏమేం ఉండాలి?

కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఇంగ్లండ్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ 2014 మార్గదర్శకాల్లో ఇచ్చిన జాబితానే ప్రపంచమంతా ఆడిట్లకు కొలబద్దగా వాడుతున్నారు. తేదీ, సమయం. ముందే అనుకున్న ఆపరేషనా, ఎమర్జెన్సీనా. సర్జన్, అసిస్టెంట్, అనెస్థటిస్ట్ పేర్లు. చేసిన ఆపరేషన్, కోత, ఆపరేషన్‌లో తేలిన డయాగ్నసిస్, లోపల కనబడినవి. వచ్చిన ఇబ్బందులు. అదనంగా ఏమైనా చేస్తే అది, ఎందుకు చేశారన్నది. తీసిన, పెట్టిన, మార్చిన కణజాలం. ఇంప్లాంట్ ఉంటే దాని సీరియల్ నంబర్. మూసిన విధానం, అంచనా రక్తస్రావం, యాంటీబయాటిక్, డీవీటీ (సిరల్లో రక్తం గడ్డకట్టడం) నివారణ, ఆపరేషన్ తర్వాతి సూచనలు, సంతకం.

మన అవసరాలకు నేను మూడు కలుపుతాను. ఒకటి మాప్ (రక్తం అద్దే గుడ్డ), ఇన్‌స్ట్రుమెంట్ కౌంట్: సరిపోయిందని స్క్రబ్ సిస్టర్ పేరుతో సహా. రెండు, బయాప్సీకి ఏం పంపారు, ఎన్ని సీసాలు, ఎవరి చేతికి ఇచ్చారు. స్పెసిమెన్ అటెండర్ల చేతిలో పడి కుటుంబం ప్రైవేటు ల్యాబ్ వెతుక్కునే మన ఏర్పాట్లలో ఇది రాయకపోతే తర్వాత వెతకలేం. మూడు, లోపల ఉంచి వచ్చినవి: డ్రెయిన్, ప్యాక్ (కుక్కిన గుడ్డ), డీజే స్టెంట్ (మూత్రనాళంలో పెట్టే సన్నని గొట్టం). ఎప్పుడు తీయాలో తేదీతో. కిడ్నీ రాళ్ల ఆపరేషన్‌లో వేసిన స్టెంట్ నొప్పి పెట్టకపోతే రోగి మరిచిపోతాడు. ఏడాది తర్వాత వస్తే దాని చుట్టూ రాయి గట్టిపడి ఉంటుంది, తీయడానికి ఇంకో పెద్ద ఆపరేషన్.

అన్ని ఆపరేషన్లకూ ఒకే ఫారం సరిపోతుందా?

మొదలుపెట్టడానికి సరిపోతుంది. కానీ అసలు లాభం ఆపరేషన్‌కో ప్రత్యేక ఫారం ఉన్నప్పుడే వస్తుంది. మీ యూనిట్‌లో ఎక్కువగా జరిగే నాలుగైదు ఆపరేషన్లతో మొదలుపెట్టండి.

లాప్ కోలీ (లాపరోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీయడం) తీసుకోండి. పిత్తవాహిక పొరపాటున తెగితే రోగి జీవితమే మారిపోతుంది. దాన్ని తప్పించడానికి సర్జన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో చెప్పిన క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీకి (సీవీఎస్, అంటే ఏదైనా కోసే ముందు కనబడాల్సిన దృశ్యం) మూడు షరతులున్నాయి: లివర్‌కీ గాల్‌బ్లాడర్ గొట్టానికీ మధ్య ఉండే హెపటోసిస్టిక్ త్రికోణం కొవ్వు, పీచు లేకుండా శుభ్రం కావాలి, గాల్‌బ్లాడర్ కింది మూడో వంతు లివర్ నుంచి విడిపడి కనబడాలి, గాల్‌బ్లాడర్‌లోకి వెళ్లేవి రెండే రెండు నిర్మాణాలు కనబడాలి. ఫారంలో "సీవీఎస్ వచ్చిందా?" అని ఒక్క గడి పెడితే అందరూ టిక్ కొడతారు. మూడింటికి మూడు గడులు పెట్టి, "రాకపోతే ఏం చేశారు?" అని ఖాళీ వదలండి. సబ్‌టోటల్ (గాల్‌బ్లాడర్‌లో కొంత వదిలి మిగతాది తీయడం) చేశారా, ఓపెన్ చేశారా, సీనియర్‌ని పిలిచారా? ఆ ఖాళీని తలుచుకుని ఓటీలోనే చేయి ఒక క్షణం ఆగితే, ఫారం కాగితానికి మించిన పని చేసినట్టే.

ఇంగ్వైనల్ (గజ్జల్లో వచ్చే) హెర్నియాకైతే డైరెక్టా ఇన్‌డైరెక్టా, శాక్‌లో (పొడుచుకొచ్చిన సంచిలో) ఏముంది, మెష్ (లోపల పెట్టే వల) కొలత, దేనితో కుట్టారు, నరాలు కనబడ్డాయా, ఉంచారా కోశారా. ఆర్నెల్ల తర్వాత గజ్జల్లో మంట అని వచ్చే రోగికి నరాల గడి పనికొస్తుంది. అపెండిక్స్‌కి బేస్ ఆరోగ్యంగా ఉందా, చిల్లు పడిందా, చీము ఎంత, మెకెల్స్ (కొందరికి చిన్నపేగు మీద పుట్టుకతో ఉండే సంచి) చూశారా అన్నవి చాలు.

ఇంప్లాంట్ నంబర్ రాయకపోతే కొంప మునుగుతుందా?

మునిగింది. డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ రకం తుంటి కీళ్లను 2010 ఆగస్టులో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచింది. లోహం మీద లోహం అరిగి, ఆ రేణువులు రక్తంలోకి, చుట్టుపక్కల కణజాలంలోకి చేరాయి. మన దేశంలో దాదాపు 4,700 మందికి అవి అమర్చారు. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ లెక్క చూసేసరికి ఆచూకీ దొరికింది వెయ్యి మంది పైచిలుకుదే. మిగతావాళ్లకు తమ తుంటిలో ఉన్నది ఏ కంపెనీదో కూడా తెలియదు. పరిహారం ప్రకటించినా ఎవరికివ్వాలో తెలియని పరిస్థితి.

ఇంప్లాంట్ డబ్బాతో పాటే స్టిక్కర్లు వస్తాయి. ఒకటి నోట్ మీద, ఒకటి ఓటీ రిజిస్టర్‌లో, ఒకటి రోగి చేతిలోని డిశ్చార్జ్ కాగితం మీద అంటించండి. చేత్తో రాసే పని కూడా లేదు.

టెంప్లేట్ వస్తే అందరూ కాపీ పేస్ట్ చేసేస్తారు కదా?

ఈ అనుమానం సబబే. టెంప్లేట్‌కున్న అసలు ప్రమాదం ఇదే. కంప్యూటర్‌లో ముందే నింపిన వాక్యాలు పెడితే మగవాడి నోట్‌లో "అండాశయాలు నార్మల్" అని వస్తుంది. నవ్వు వస్తుంది కానీ, ఆ ఒక్క వాక్యం చూశాక మిగతా నోట్‌ను ఎవరూ నమ్మరు.

అందుకే రెండు నియమాలు. కనబడినవి, ఇబ్బందులు, రక్తస్రావం, కౌంట్: ఈ గడులు ఎప్పుడూ ఖాళీగానే మొదలవ్వాలి, ముందే "నార్మల్", "నిల్" అని నింపి ఉండకూడదు. రెండోది, ఫారంలో కనీసం మూడో వంతు స్వేచ్ఛగా రాయడానికి వదలండి. కష్టమైన కేసు గడుల్లో ఇమడదు. నాలుగోసారి పొట్ట తెరిచినప్పుడు పేగులు ఎక్కడ అతుక్కున్నాయో చెప్పడానికి టిక్కులు పనికిరావు, నాలుగు వాక్యాలు, ఒక బొమ్మ కావాలి. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు. స్టోమా (పొట్ట మీదికి తెచ్చిన పేగు నోరు) ఎక్కడుంది, పేగు ఎక్కడ కలిపారు అన్నది బాణం గుర్తుతో గీస్తే పేరా కంటే మేలు.

ఎవరు రాయాలి? ఎప్పుడు రాయాలి?

ఆపరేషన్ చేసినవాళ్లు రాయాలి. పీజీ రాస్తే సర్జన్ చదివి సంతకం పెట్టాలి. చదవకుండా పెట్టే సంతకం గురించి వేరే చెప్పాల్సిన పని లేదు. స్క్రబ్ కాకుండా బయట కూర్చున్న హౌస్ సర్జన్‌తో రాయించడం మాత్రం వెంటనే మానాలి.

రోగి రికవరీ నుంచి వార్డుకి కదిలేలోపే రాయాలి. లిస్టులో ఆరు కేసులుండి తర్వాతి రోగి టేబుల్ మీద ఉంటే? అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ నియమాల్లో దీనికో దారి ఉంది: పూర్తి నోట్ ఆలస్యమైతే, రోగి కదిలేలోపు ముఖ్యాంశాలతో చిన్న నోట్ రాయాలి. సాయంత్రం ఆరింటికి కూర్చుని ఆరు నోట్లూ ఒకేసారి రాస్తే మూడో రోగి గాల్‌బ్లాడర్ నాలుగో రోగి నోట్‌లోకి వెళుతుంది.

రక్తస్రావం ఎలా రాయాలి? అందరూ "మినిమల్" అనే రాస్తారు.

కంటి అంచనా నమ్మదగ్గది కాదు, రక్తం ఎక్కువగా పోయినప్పుడు సాధారణంగా తక్కువ చూపిస్తుంది. సక్షన్ సీసాలో ఉన్న మొత్తం నుంచి కడగడానికి వాడిన సెలైన్ తీసేయండి. తడిసిన మాప్‌లు తూచి పొడి బరువు తీసేస్తే, గ్రాముకు ఒక మిల్లీలీటరు చొప్పున లెక్క వస్తుంది. అంకె రాసే ముందు అనెస్థటిస్ట్‌ను అడగండి. ఆయన చార్ట్‌లో 600, మీ నోట్‌లో "మినిమల్" ఉండకూడదు.

ఆపరేషన్ తర్వాతి సూచనల్లో "కంటిన్యూ సేమ్ ట్రీట్‌మెంట్" రాస్తే తప్పా?

ఏ ట్రీట్‌మెంట్? ఆపరేషన్‌కు ముందుదా, అనెస్థీషియాదా, పక్క యూనిట్ అలవాటా? నోట్ మొత్తంలో వెంటనే అవసరపడేది ఈ భాగమే, కానీ రాసేవాడు అలిసిపోయేది కూడా సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికే. నా మాట అడిగితే ఫారంలో దీన్ని పైకి తెచ్చి పెడతాను.

సూచనలు సిస్టర్ ఎవరినీ అడగకుండా పాటించేలా ఉండాలి. నోటికి నీళ్లు ఎన్ని గంటలకు ఇవ్వొచ్చు, యాంటీబయాటిక్ ఒక్క డోసేనా, ఎన్ని రోజులు, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఎన్నింటికి, ఎపిడ్యూరల్ ట్యూబ్ (నొప్పి తగ్గడానికి వెన్నులో పెట్టేది) ఉంటే అది తీసే వేళకు ఎంత ఎడం ఉండాలి, రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) ఎవరు చెబితే తీయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎప్పుడు ఫోన్ చేయాలి. "డ్రెయిన్‌లో పైత్యం కనబడినా, పల్స్ 120 దాటినా, గంటకు యూరిన్ 30 మి.లీ. కంటే తగ్గినా యూనిట్ డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి" అని రాసి, కింద ఎక్స్‌టెన్షన్ నంబర్ ఇవ్వండి. సిస్టర్‌కు టెన్షన్ తగ్గుతుంది, అర్ధరాత్రి అనవసరపు ఫోన్లూ తగ్గుతాయి.

డబ్ల్యూహెచ్ఓ చెక్‌లిస్ట్ వాడుతున్నాం. మళ్లీ ఇదెందుకు?

రెండూ వేరు. ఆపరేషన్ భద్రంగా జరగడానికి టీమంతా సరిచూసుకునే ఆ చెక్‌లిస్ట్ నోటితో, అందరి ముందు, ఆ క్షణంలో జరగాల్సింది. 2009లో వచ్చిన అధ్యయనంలో ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పెట్టాక మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి, కాంప్లికేషన్లు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. నోట్ ఆ తర్వాత మిగిలే రికార్డు. కాకపోతే యాంటీబయాటిక్ ఇచ్చిన సమయం, కౌంట్ లాంటివి చెక్‌లిస్ట్‌లో ఎలాగూ అడుగుతారు. సైన్ అవుట్ (రోగి థియేటర్ దాటేముందు చేసే చివరి సరిచూపు) చెప్పేటప్పుడే నోట్ ఫారం చేతిలో ఉంటే సగం గడులు అక్కడే నిండుతాయి.

షార్ట్‌ఫామ్‌లు వాడొచ్చా?

ఆసుపత్రి ఒప్పుకున్న జాబితాలో ఉన్నవి వాడొచ్చు. కుడి, ఎడమలకు మాత్రం ఎప్పుడూ వద్దు. పూర్తిగా రాయండి.

ఒప్పుకోలు తీసుకున్నదాని కంటే ఎక్కువ చేయాల్సి వస్తే?

ఏం చేశారో, ఎందుకు ఆగలేకపోయారో, బయట ఎవరితో మాట్లాడారో సమయంతో రాయాలి. అయితే రాసినంత మాత్రాన చేసింది ఒప్పు కాదు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కేసులో, లాపరోస్కోపీకి సంతకం చేసిన మహిళకు మత్తులో ఉండగా గర్భసంచి, అండాశయాలు తీసేశారు. బయటున్న తల్లి ఒప్పుకుందన్నారు. ప్రాణాపాయం లేనప్పుడు, రోగికి మెలకువ వచ్చేదాకా ఆగే వీలున్నప్పుడు ఆ ఒప్పుకోలు చెల్లదని కోర్టు తేల్చింది. కాబట్టి "ఎందుకు" అనే గడికి మీ దగ్గర జవాబు లేకపోతే ఆగిపోవాలి.

తప్పు రాస్తే దిద్దొచ్చా?

ఒక్క గీత కొట్టి, పాతది కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాసి సంతకం, తేదీ, సమయం వేయండి. వైట్‌నర్ వద్దు, కాగితం మార్చడం అసలే వద్దు. వారం తర్వాత గుర్తొచ్చింది కలపాలంటే, ఆ రోజు తేదీతోనే "తర్వాత చేర్చినది" అని వేరుగా రాయాలి.

ఆరోగ్యశ్రీ క్లెయిమ్‌కి ఎలాగూ నోట్ అప్‌లోడ్ చేస్తున్నాం. అదే వాడొచ్చా?

వాడొచ్చు, రెండూ ఒకటే అయితే. 2007లో పథకం మొదలైన దగ్గర్నుంచి ఫొటోలు, నోట్లు పంపే అలవాటు మన ఆసుపత్రులకు వచ్చింది. దాంతో పాటే ప్యాకేజీ పేరుకు తగ్గట్టు నోట్ రాసే అలవాటూ కొన్నిచోట్ల వచ్చింది. క్లెయిమ్‌కి ఒకటి, కేస్ షీట్‌లో ఇంకొకటి ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు రెండూ ఒకే బల్ల మీదికి వస్తాయి. లోపల కనబడింది రాయండి, దానికి ఏ ప్యాకేజీ వర్తిస్తుందో ఆరోగ్యమిత్ర, బిల్లింగ్ వాళ్లు చూసుకుంటారు.

మా దగ్గర కంప్యూటర్ లేదు. కాగితంతో అవుతుందా?

నిక్షేపంగా. ఏ4 కాగితానికి ఒక వైపే వచ్చేలా ఫారం చేసి, కార్బన్ కాపీ వచ్చే ప్యాడ్‌లుగా ప్రింట్ చేయించండి. ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌డీఎస్ (ఆసుపత్రి అభివృద్ధి సంఘం) నిధుల్లోంచి అడగొచ్చు, పెద్ద ఖర్చు కాదు. ప్యాడ్ ఓటీలో నోట్ రాసే బల్ల మీదే ఉండాలి. రికార్డు రూమ్‌లో ఉంటే ఎవరూ వెళ్లి తేరు.

మెరుగుపడిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఆడిట్ చేయండి. టెంప్లేట్ పెట్టకముందు వరుసగా జరిగిన ఓ యాభై ఆపరేషన్ల నోట్లు తీయండి. వరుసగా అంటే వరుసగానే, బాగున్నవి ఏరుకోవద్దు. ఒక్కో అంశం ఉందా లేదా అని మాత్రమే చూడండి. రాసినవాళ్ల పేర్లు కప్పేసి నెలవారీ మీటింగ్‌లో చూపించండి. పేర్లు బయటపడితే రెండో విడతకు ఎవరూ సహకరించరు. టెంప్లేట్ పెట్టిన రెండు మూడు నెలలకు మళ్లీ అదే కొలత.

మొదటి ఫలితం దాదాపు ఎప్పుడూ బాగానే వస్తుంది. దాంతో పోస్టర్ వేసి కాన్ఫరెన్స్‌కి పంపి ఆపేస్తారు. కొత్త పీజీ బ్యాచ్ వచ్చాక మూడోసారి కొలవండి, అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది. ఇంకొకటి: గడి నిండటం వేరు, నిజం ఉండటం వేరు. ఓ పది నోట్లు తీసి అనెస్థీషియా చార్ట్‌తో, కౌంట్ షీట్‌తో, బయాప్సీ రిపోర్ట్‌తో పోల్చి చూడండి. యాంటీబయాటిక్ సమయం మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంటే ఫారాన్ని కాదు, పని జరిగే తీరును సరిచేయాలి.

రోగి కాపీ అడిగితే ఇవ్వాలా?

ఇవ్వాలి. 2002 నాటి వైద్య మండలి ప్రవర్తనా నియమాల ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్లు భద్రపరచాలి. కోర్టులో ఉన్నవాటిని కేసు తేలేదాకా ఉంచడం మంచిది.

అడిగేదాకా ఆగడం కూడా ఎందుకు? డిశ్చార్జ్ కాగితం వెనక తెలుగులో నాలుగు వాక్యాలు రాసివ్వండి: ఏం తీశారు, ఏం ఉంచారు, లోపల ఏం పెట్టారు, మళ్లీ ఎప్పుడు రావాలి. ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపమని చెప్పండి. కాగితాలు పోతుంటాయి, ఇంట్లో ఎవరో ఒకరి వాట్సాప్‌లో అది దొరుకుతుంది.